ఖజానా నుంచి పారిస్ బంగళా దాకా డోర్ డెలివరీ: ఈక్వటోరియల్ గినీ పెద్దలు వాడిన సర్వీసుకి నా రివ్యూ

ముందే చెప్పేస్తున్నా, ఈ సర్వీసు నేను వాడలేదు, వాడే స్థోమత నాకు లేదు, చదివే మీకూ ఉండదనే అనుకుంటున్నా. మరి రివ్యూ ఎందుకు రాస్తున్నానంటే దీని గురించి ఉన్నంత పేపర్ వర్క్ మామూలు సర్వీసు దేనికీ ఉండదు కాబట్టి. అమెరికా సెనేట్ సబ్ కమిటీ రిపోర్టులు రెండు, ఒకటి 2004ది ఇంకోటి 2010ది, ఆ తర్వాత అమెరికా న్యాయశాఖ వేసిన దావా, ఫ్రాన్స్ కోర్టు తీర్పులు, చివరికి హేగ్‌లో అంతర్జాతీయ న్యాయస్థానం తీర్పు కూడా. కస్టమర్ ఏం కొన్నాడు, ఎంతకి కొన్నాడు, డబ్బు ఏ అకౌంట్ నుంచి వచ్చింది, మధ్యలో ఎవరెవరు చెయ్యి వేశారు, అన్నీ అందులోనే ఉన్నాయి.

సర్వీసు ఏంటంటే, ఒక దేశంలో చమురు పడింది, ఆ డబ్బు దేశం ఖజానాలోకి వచ్చింది, దాన్ని అక్కడి నుంచి తీసి పాలించే కుటుంబం పేరు కాగితం మీద కనపడకుండా పారిస్‌లో బంగళాగా, మాలిబూలో సముద్రం ఎదురుగా ఇల్లుగా, గ్యారేజీలో బుగాటీగా మార్చి చేతికిస్తారు. దీనికి ఒక బోర్డు, ఒక ఆఫీసు అంటూ ఉండవు. వాషింగ్టన్‌లో ఒక బ్యాంకు, కాలిఫోర్నియాలో లాయర్లు, స్విట్జర్లాండ్‌లో కాగితం కంపెనీలు, పారిస్‌లో వేలంపాట వాళ్లూ డీలర్లూ, వీళ్లందరూ ఎవరి పని వాళ్లు చేసుకుపోతుంటే మొత్తం కలిపి అదే సర్వీసు అన్నమాట. ఒక్కొక్కరినీ అడిగితే నేను నా ఫీజు తీసుకున్నా అంతే అంటారు.

కస్టమర్ గురించి కొంచెం. ఈక్వటోరియల్ గినీ, ఆఫ్రికా పడమటి తీరంలో బుల్లి దేశం, 1968లో స్పెయిన్ నుంచి స్వాతంత్ర్యం వచ్చింది, మొదటి ప్రెసిడెంట్ మాసియాస్ అనే ఆయన దేశాన్ని నరకం చేసేశాడు, 1979 ఆగస్టులో ఆయన్ని సొంత అన్నదమ్ముల బిడ్డే దించేశాడు, ఆ దించినాయన పేరు టియోడోరో ఒబియాంగ్, అప్పటినుంచి కుర్చీ ఆయనదే. రాజుల్ని పక్కన పెడితే ప్రపంచంలో ఇంతకాలంగా పదవిలో ఉన్న దేశాధినేత ఇంకొకరు లేరు. 1995లో సముద్రంలో జఫీరో అనే చమురు క్షేత్రం దొరికింది, మరుసటి ఏడాది నుంచే తీయడం మొదలైంది, అప్పటిదాకా కోకో, కలప అమ్ముకుని బతికిన దేశానికి 2000 నుంచి 2013 మధ్యలో వచ్చిన చమురు ఆదాయం దాదాపు 4,500 కోట్ల డాలర్లు. జనాభా అప్పటికి ఇంచుమించు పది లక్షల చిల్లర. మీరే భాగించుకోండి.

ఇక సర్వీసు సంగతి. నాకు ముందుగా నచ్చింది, అంటే నచ్చింది అనకూడదు కానీ మెచ్చుకోక తప్పనిది, దొంగతనాన్ని దొంగతనంలా కనపడనివ్వకపోవడం. డబ్బు దేశం దాటకముందే సగం పని అయిపోతుంది. ప్రెసిడెంట్ గారి పెద్దకొడుకు టియోడోరిన్, అప్పట్లో అడవులూ వ్యవసాయం మంత్రి, 2006లో కేప్‌టౌన్‌లో ఆయన రెండు ఇళ్ల మీద ఒక కాంట్రాక్టరు కేసు వేస్తే కోర్టుకి స్వయంగా అఫిడవిట్ ఇచ్చాడు. అందులో ఉన్న మాటల సారం ఏంటంటే, మా దేశంలో మంత్రులు కంపెనీలు పెట్టుకోవచ్చు, విదేశీ కంపెనీతో కలిసి సర్కారు కాంట్రాక్టులకి బిడ్ వేయొచ్చు, కాంట్రాక్టు దక్కితే అందులో పెద్ద ముక్క మంత్రి బ్యాంకు అకౌంట్లోకే వస్తుంది, ఇదంతా చట్టబద్ధమే అని. అవతల నేరం రుజువు చేయాలంటే సాక్షులు, రికార్డులు ఎన్ని కావాలి, ఈయన ప్రమాణం చేసి మరీ రాసిచ్చేశాడు! ఇస్తున్నది నేరం ఒప్పుకోలు అన్న ఆలోచనే ఆయనకి లేదు చూడండి, నాకు మొత్తం ఫైల్లో అన్నిటికంటే ఆశ్చర్యం వేసింది అక్కడే.

అడవుల మంత్రిగా ఆయన చేసిన ఇంకో ఏర్పాటు గురించి అమెరికా న్యాయశాఖ దావాలో ఉంది. కలప ఎగుమతి చేసే కంపెనీలు సర్కారుకి కట్టాల్సింది కాకుండా విప్లవ పన్ను అని ఇంకోటి కట్టాలట, అది మంత్రిగారికి లేదా ఆయన సొంత కంపెనీకి. ఏ విప్లవమో మరి. అటు చమురు కంపెనీలేమో 2004 రిపోర్టు ప్రకారం ప్రెసిడెంట్ కుటుంబం దగ్గర స్థలాలు అద్దెకి తీసుకున్నాయి, బంధువుల సెక్యూరిటీ కంపెనీలకి డబ్బు కట్టాయి, పెద్దోళ్ల పిల్లలు విదేశాల్లో చదువుకోవడానికి ఫీజులు కట్టాయి. ఎక్సాన్‌మొబిల్ అక్కడ పెట్టిన చమురు పంపిణీ వ్యాపారంలో 15 శాతం వాటా అబాయాక్ అనే కంపెనీది, ఆ కంపెనీ ప్రెసిడెంట్ చేతిలోది. లంచం అని మాట ఎక్కడా లేదు గమనించండి, అద్దె, వాటా, ఫీజు, స్కాలర్‌షిప్, అన్నిటికీ రసీదు ఉంటుంది.

ఇప్పుడు అసలు బ్యాంకు దగ్గరికి వద్దాం, దీని గురించి ఎంత రాసినా తక్కువే. వాషింగ్టన్‌లో రిగ్స్ బ్యాంకు అని ఉండేది, ప్రపంచంలోకెల్లా ముఖ్యమైన నగరంలో అన్నిటికంటే ముఖ్యమైన బ్యాంకు మాది అని ప్రకటనలు వేసుకునేది, అమెరికా ప్రెసిడెంట్లు ఎంతోమంది దాని ఖాతాదారులు. 1995 నుంచి ఈక్వటోరియల్ గినీ సర్కారుకి, అక్కడి పెద్దలకి, వాళ్ల కుటుంబాలకి కలిపి 60కి పైగా అకౌంట్లు తెరిచింది, 2003కి వాటిలో ఉన్న సొమ్ము 70 కోట్ల డాలర్ల దగ్గరికి చేరింది, మొత్తం బ్యాంకులో అంత పెద్ద కస్టమరు ఇంకొకరు లేరు. చమురు కంపెనీలు కట్టే డబ్బు వచ్చిపడే అకౌంట్ ఉంది చూశారా, దాన్నుంచి డబ్బు తీయాలంటే రెండు సంతకాలు కావాలి, ఒకటి ప్రెసిడెంట్‌ది, రెండోది గనుల శాఖ చూసే ఇంకో కొడుకుది, లేదంటే ఖజానా చూసే మేనల్లుడిది. రెండు సంతకాల రూలు పెట్టేదే ఒకడు తప్పు చేస్తే రెండోవాడు ఆపుతాడని, ఇక్కడ ఇద్దరూ ఒకే ఇంట్లో అన్నం తినేవాళ్లు.

ఆ అకౌంట్ నుంచి 3.5 కోట్ల డాలర్లకి పైగా రెండు కంపెనీలకి వెళ్లిపోయాయి, ఆ కంపెనీలు ఎవరివో బ్యాంకుకే తెలీదు, వాటి ఖాతాలు బ్యాంకు రహస్యాలు బయటపెట్టని దేశాల్లో ఉన్నాయి. బ్యాంకే దగ్గరుండి ప్రెసిడెంట్ కోసం బహమాస్‌లో ఓటాంగ్ అనే బినామీ కంపెనీ పెట్టించింది, 2000 నుంచి 2002 మధ్య ఆ ఒక్క కంపెనీ అకౌంట్లో నగదుగా పడ్డది 1.15 కోట్ల డాలర్లు. నగదు అంటే అచ్చంగా నోట్లు! ప్లాస్టిక్ కవరు కూడా విప్పని కట్టలు సూట్‌కేసుల్లో పెట్టుకుని అకౌంట్ మేనేజరే మోసుకొచ్చేవాడు, ఒకోసారి 30 లక్షల డాలర్ల దాకా. వంద డాలర్ల నోటు బరువు ఇంచుమించు ఒక గ్రాము, అంటే 30 కిలోలు, చాలా విమానాల్లో మామూలు టికెట్ మీద ఒక్క పెట్టెకి అంత బరువు ఒప్పుకోరు. మామూలు మనిషి అకౌంట్ తెరవడానికి వెళ్తే సంతకం కొంచెం తేడా ఉందని, అడ్రస్‌లో అక్షరం తప్పు ఉందని మూడుసార్లు తిప్పుతారు, ఇక్కడ 30 కిలోల నోట్లు వస్తే ఇవి ఎక్కడివి సార్ అని అడిగే నాథుడు లేడు. కస్టమర్ కేర్ అంటే ఇది.

ప్రెసిడెంట్ గారి వివరణ కూడా చెప్పకపోతే బాగోదు. 2003లో ఆయన దేశానికి చెప్పింది ఏంటంటే ఖజానా మొత్తం నేనే స్వయంగా చూసుకుంటా, ప్రభుత్వ ఉద్యోగులకి అవినీతి మీద ఆశ పుట్టకుండా ఉండాలని. ఇంతకంటే ఏం కావాలి.

2004 మేలో రిగ్స్‌కి 2.5 కోట్ల డాలర్ల జరిమానా పడింది, తర్వాత 2005లో నేరం ఒప్పుకుని ఇంకో 1.6 కోట్లు కట్టింది, చిలీ నియంత పినోచే డబ్బు దాచిన వ్యవహారం కూడా అందులోనే ఉంది, అదే ఏడాది బ్యాంకు వేరే బ్యాంకులో కలిసిపోయింది, బోర్డు మారిపోయింది. సర్వీసు ఆగిందా అంటే లేదు. అదే 2004 నుంచి 2008 మధ్యలో పెద్దకొడుకు టియోడోరిన్ గారు 11 కోట్ల డాలర్లకి పైగా అమెరికాలోకి తెచ్చుకున్నారని 2010 రిపోర్టు చెప్తుంది, ఈసారి బ్యాంకు ముందు పేజీలో లేదు, లాయర్లు ఉన్నారు.

లాయర్ల పద్ధతి ఇంకా నున్నగా ఉంది. స్వీట్ పింక్, బ్యూటిఫుల్ విజన్, అన్‌లిమిటెడ్ హొరైజన్ అని కంపెనీలు పెడతారు (పేర్లు చూస్తే కొవ్వొత్తుల షాపులు అనుకుంటాం), ఆ కంపెనీల పేరున అకౌంట్ తెరుస్తారు, బ్యాంకు వాళ్లకి అనుమానం వచ్చి మూసేస్తే ఇంకో కంపెనీ పేరుతో ఇంకో బ్యాంకులో తెరుస్తారు. లాయర్ తన కక్షిదారుల డబ్బు ఉంచే అకౌంట్ ద్వారా కూడా డబ్బు వెళ్తుంది, అప్పుడు బ్యాంకుకి కనిపించేది లాయర్ పేరు మాత్రమే. 2006లో మాలిబూలో 3 కోట్ల డాలర్ల ఇల్లు కొన్నాడు, అది కూడా స్వీట్‌వాటర్ మాలిబూ అనే కంపెనీ పేరు మీదే. 3.85 కోట్లకి గల్ఫ్‌స్ట్రీమ్ జెట్ కొన్నాడు. ఆ జెట్ దగ్గర ఒక మంచి సంగతి జరిగింది, మధ్యవర్తిగా డబ్బు పట్టుకునే సంస్థ ఒకటి ఈ డబ్బు ఎక్కడిదో చెప్తేనే చేస్తానని మొండికేసింది. శభాష్ అనుకునేలోపే ఇంకో సంస్థ ఆ ప్రశ్న వేయకుండా పని పూర్తి చేసేసింది. మొత్తం సర్వీసులో ఉన్న లోపం, లేదా కస్టమర్ వైపు నుంచి చూస్తే గొప్పతనం, ఇదే అని నాకనిపిస్తుంది. నిజాయితీగా అడిగినవాడికి ఒక బేరం పోయింది, అంతే, బేరం మాత్రం ఆగలేదు. పైగా ఇళ్ల అమ్మకాల్లో డబ్బు ఎక్కడిదో అడగాల్సిన పని లేదని 2002లో అమెరికా ఖజానా శాఖే తాత్కాలికంగా మినహాయింపు ఇచ్చింది, ఆ తాత్కాలికం ఏళ్ల తరబడి అలాగే సాగింది.

ఇంతకీ ఈయన జీతం ఎంతంటే ఏడాదికి లక్ష డాలర్ల లోపు. ఒక్క రూపాయి, సారీ ఒక్క డాలర్ తినకుండా తాగకుండా దాచినా మాలిబూ ఇంటికి 300 ఏళ్లు పడుతుంది, జెట్‌కి ఇంకో 385 ఏళ్లు. అమెరికా న్యాయశాఖ లెక్క ప్రకారం ఆయన కూడబెట్టింది 30 కోట్ల డాలర్లకి పైగా. అందులో మైకేల్ జాక్సన్ వేసుకున్న రాళ్లు పొదిగిన తెల్ల గ్లవ్వు కూడా ఉంది, దాని ఒక్కదాని రేటు 2.75 లక్షల డాలర్లు, ఒక చేతిదే.

పారిస్ బ్రాంచికి వస్తే, 42 అవెన్యూ ఫోష్, 101 గదుల బంగళా, విలువ 10.7 కోట్ల యూరోలని అంచనా. దాని యజమానులు కాగితం మీద కొన్ని స్విస్ కంపెనీలు. 2009లో ఒక పెద్ద ఫ్యాషన్ డిజైనర్ కళాఖండాల వేలంలో టియోడోరిన్ 1.8 కోట్ల యూరోలకి పైగా సరుకు కొంటే బిల్లు కట్టింది ఆయన అడవి కలప కంపెనీ. మంత్రి ఏ శాఖ చూస్తున్నాడో ఆ శాఖలో వ్యాపారం చేసే కంపెనీ ఆయనదే, ఆ కంపెనీ పారిస్‌లో కుర్చీలూ బొమ్మలూ కొంటుంది!

ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు కదా, ఇక్కడ పట్టుకున్నది పక్క ఖండంలో మేజిస్ట్రేట్లు, అది కూడా సర్కారు తనంత తానుగా కదిలి కాదు, షెర్పా, ట్రాన్స్‌పరెన్సీ ఇంటర్నేషనల్ ఫ్రాన్స్ అనే రెండు సంఘాలు పట్టు వదలకుండా ఫిర్యాదులు చేస్తే. మీకేం నష్టం జరిగిందని కేసు వేశారు అని వాళ్లని కింది కోర్టుల్లో ఆపితే, 2010 నవంబర్‌లో ఫ్రాన్స్ అత్యున్నత న్యాయస్థానం వేయొచ్చు అని తేల్చింది. 2011 సెప్టెంబర్‌లో పోలీసులు వచ్చి కార్లు పట్టుకెళ్లారు, బుగాటీ, ఫెరారీ, మసెరాటీ అలా వరసగా. 2012 ఫిబ్రవరిలో బంగళా లోపల సోదా చేసి సామాన్లు ట్రక్కుల్లో ఎక్కించడానికే రోజులు పట్టింది.

ఇక్కడ కస్టమర్ సపోర్ట్ టీమ్ చేసిన పని చూడాలి. కార్లు పోయిన వెంటనే ఆ బంగళా ఆయనది కాదు దేశానిది, దేశానికి అమ్మేశాడు, అది మా ఎంబసీ అన్నారు. గేటు దగ్గర ఎంబసీ అని కాగితం అంటించారు. అంటే దేశం డబ్బుతో కొన్న ఇంటిని దేశానికే అమ్మి, దేశం పేరుతో కాపాడుకోవడం. ఈ వాదన పట్టుకుని హేగ్ దాకా వెళ్లారు, అంతర్జాతీయ న్యాయస్థానం 2020 డిసెంబర్‌లో ఆ బిల్డింగ్‌కి దౌత్య కార్యాలయం హోదా ఎప్పుడూ రాలేదని చెప్పేసింది. ఆ లాయర్ల ఫీజు కూడా ఎవరు కట్టి ఉంటారో వేరే చెప్పాలా.

శిక్ష సంగతి. 2017 అక్టోబర్‌లో పారిస్ కోర్టు టియోడోరిన్‌కి మూడేళ్ల జైలు వేసింది కానీ వెళ్లక్కర్లేదు, 3 కోట్ల యూరోల జరిమానా వేసింది కానీ అదీ అప్పటికి కట్టక్కర్లేదు, ఆస్తులు మాత్రం జప్తు. అప్పీలుకి వెళ్తే 2020లో జరిమానా నిజంగా కట్టాల్సిందే అన్నారు, 2021 జులైలో పై కోర్టు కూడా ఖాయం చేసింది. ఆయన మాత్రం మొదటినుంచీ ఇది న్యాయంగా సంపాదించిన డబ్బే అంటున్నాడు. మధ్యలో ప్రమోషన్ కూడా వచ్చింది, 2012లో ఉపాధ్యక్షుల్లో ఒకడయ్యాడు, 2016కి మొదటి ఉపాధ్యక్షుడు. 2018లో బ్రెజిల్ ఎయిర్‌పోర్టులో ఆయన బృందం పెట్టెలు తెరిస్తే 14 లక్షల డాలర్ల పైచిలుకు నగదు, దాదాపు 1.5 కోట్ల డాలర్ల వాచీలు దొరికాయి. సర్వీసు మీద నమ్మకం తగ్గి సొంతంగా మోసుకోవడం మొదలెట్టాడేమో.

రేటు ఎంత అని అడుగుతారు కదా రివ్యూ అంటే. కస్టమర్‌కి పెద్దగా ఏం పడలేదు. పడిందంతా వేరేవాళ్లకి, ఆ లెక్క ఇలా ఉంది. 2011లో ఆ దేశం చదువు మీద ఖర్చు పెట్టింది 14 కోట్ల డాలర్లు, వైద్యం మీద 9.2 కోట్లు. 2009 నుంచి 2013 దాకా రోడ్లు, భవనాలు, కొత్త కట్టడాల మీద పెట్టింది ఏడాదికి సగటున 420 కోట్లు. ఎందుకింత తేడా అంటే పైన అఫిడవిట్ గుర్తు తెచ్చుకోండి, నర్సు జీతంలో మంత్రికి ముక్క రాదు, సిమెంటులో వస్తుంది. అందుకే 2011లో ఆఫ్రికన్ యూనియన్ సమావేశం కోసం సిపోపో అనే చోట దేశాధినేతలకి తలా ఒకటి చొప్పున 52 విల్లాలు, గోల్ఫ్ కోర్సుతో సహా 58 కోట్ల యూరోల రిసార్టు కట్టారు, సమావేశమేమో కొద్దిరోజులే. ఖజానాలోంచి నోట్లు ఎత్తుకెళ్లడం కంటే కూడా దేశానికి ఎక్కువ దెబ్బ ఇదే అని నా అభిప్రాయం. ఎత్తుకెళ్లిన సూట్‌కేస్‌తో పోయింది ఆ సూట్‌కేసే, కానీ వాటా కోసం కట్టిన బిల్డింగులో వాటాతో పాటు మిగతా డబ్బు కూడా బూడిదే. అవసరమైనది కట్టరు, ఎక్కువ ముక్క వచ్చేది కడతారు.

లెక్కలు బయటపెట్టండి అని అడిగే అంతర్జాతీయ ఏర్పాటు ఒకటుంది, గనుల, చమురు ఆదాయం పారదర్శకత కోసం. 2008లో చేరతామన్నారు, గడువులోపు పని పూర్తి చేయలేదు, 2010లో పేరు తీసేశారు. అదే 2008లో యునెస్కోకి 30 లక్షల డాలర్లిచ్చి ప్రెసిడెంట్ పేరుమీద సైన్సు ప్రైజు పెట్టించబోయారు, గోల అయ్యాక 2012లో ఆయన పేరు తీసేసి దేశం పేరుతో ఇచ్చారు. పరువు కూడా ప్యాకేజీలో భాగమే.

ఆఫ్టర్ సేల్స్, అంటే దొరికిపోయాక ఏమవుతుంది? అమెరికాతో 2014లో రాజీ కుదిరింది, మాలిబూ ఇల్లు, ఒక ఫెరారీ, మైకేల్ జాక్సన్ తాలూకు నిలువెత్తు బొమ్మలు కొన్ని వదులుకున్నాడు, జెట్టూ గ్లవ్వూ అప్పటికే అమెరికా బయట ఉన్నాయి కాబట్టి ఆయన దగ్గరే ఉండిపోయాయి. ఆ డబ్బు జనానికి చేరడానికి ఇంకో ఏడేళ్లు, 2021లో 1.925 కోట్ల డాలర్లు కోవిడ్ టీకాలకి, 63.5 లక్షలు మందులకి కేటాయించారు, సర్కారు చేతికి ఇవ్వకుండా ఐక్యరాజ్యసమితి ద్వారా, ఒక వైద్య సంస్థ ద్వారా. జెనీవాలో పట్టుకున్న 25 కార్లని 2019 సెప్టెంబర్‌లో వేలం వేస్తే 2.3 కోట్ల స్విస్ ఫ్రాంకులు దాటింది, ఒక్క లంబోర్గినీ వెనెనోనే 83 లక్షలు పలికింది. అక్కడ కేసు మాత్రం కొట్టేశారు, కార్లు వదులుకున్నాడు, అంతటితో సరి. ఆ కార్లు కొనుక్కున్న కొత్త యజమానులకి అయితే ఫైవ్ స్టార్, కొన్నిటి మీద పెద్దగా కిలోమీటర్లు కూడా తిరగలేదట.

రేటింగ్ ఇవ్వాలి. వేగానికి, గోప్యతకి, కస్టమర్ మీద చూపే మర్యాదకి ఐదుకి నాలుగున్నర ఇస్తా, ఆ సగం తీసేసింది అఫిడవిట్ రాయనిచ్చిన లాయర్‌కి. బిల్లు కట్టినవాళ్ల తరఫున ఇవ్వాలంటే స్టార్లు ఇచ్చే చోట సున్నా ఆప్షన్ ఉండదు కదా, ఒకటి. ఒక్క మెరుగుదల అడగమంటే నేను అడిగేది కొత్త శిక్షలు కాదు, కంపెనీ వెనకాల అసలు మనిషి ఎవరో ఎవరైనా చూసుకునేలా పేరు రాయించడం. స్వీట్ పింక్ ఎవరిదో మొదటిరోజే తెలిస్తే ఈ మిగతా కథ అంతా అక్కర్లేదు. అమెరికా 2021లో అలాంటి చట్టమే తెచ్చింది, జనం మొత్తానికి కాదు గానీ కనీసం సర్కారుకైనా కంపెనీ అసలు యజమాని పేరు చెప్పాలని. అమలు ఇలా మొదలైందో లేదో, 2025 మార్చిలో అమెరికాలో పుట్టిన కంపెనీలు ఆ వివరాలు ఇవ్వక్కర్లేదని ఖజానా శాఖ మినహాయింపు ఇచ్చేసింది.